కాళ్ళు కనబడని వరుస

తొమ్మిదింబావు అయ్యేసరికి గేనర్ ఇత్తడి పలకలు తుడవడం మొదలుపెట్టింది. లాంబోర్న్ థియేటర్ ముందు తలుపులకు అవి నాలుగున్నాయి. వాటిని తుడవడం టికెట్లమ్మే మనిషి పని కాదు, చెయ్యమని ఎవరూ చెప్పలేదు కూడా. అయినా ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆమే తుడుస్తోంది. గుడ్డ పట్టుకుని నిలబడితే క్యూలో వాళ్ళ మాటలు వినబడతాయి. అంతకుమించి కారణమేమీ లేదు.

ఆ సోమవారం సన్నగా తుంపర పడుతోంది. క్యూలో పదమూడు మందున్నారు. ఎప్పటిలాగే అందరికంటే ముందు, మడత స్టూలు మీద, ప్లాస్టిక్ సంచి కాళ్ళకింద పరుచుకుని సిరిల్ కూర్చున్నాడు. డెబ్బై ఏడేళ్ళ మనిషి. పాతికేళ్ళు బస్సు నడిపి రిటైరయ్యాడు. రోజూ రాడు గానీ, వచ్చిన రోజు మాత్రం ఏడింటికల్లా ఆ స్టూలు అక్కడ పడాల్సిందే. అతని వెనక వెర్నా. సెయింట్ ఏదో ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి, నర్సు బట్టల మీదే కోటు తొడుక్కుని వచ్చి నిలబడుతుంది.

"ఇవాళ మన మహారాణి గారి మొహం బాగాలేదు," అన్నాడు సిరిల్, గేనర్‌ని చూసి.

"పలక మీద పావురం రెట్ట వేసిపోయింది. మీరు తుడవండి, మీ మొహం ఎలా ఉంటుందో చూస్తాను," అంది గేనర్.

క్యూలో నవ్వులు. గేనర్ కూడా నవ్వింది కానీ ఆ నవ్వు గుడ్డ మడిచేలోపే పోయింది. అప్పటికి పావుగంట ముందే మేనేజర్ హ్యూగో ఆమెను గదిలోకి పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టాడు.

థియేటర్ చేతులు మారి మూడు నెలలైంది. కొన్నవాళ్ళు న్యూయార్క్ వాళ్ళు. అక్కడ వాళ్ళకు ఆరు థియేటర్లున్నాయి, ఇది ఏడోది. కాగితం మీద హాలు బొమ్మ ఉంది. వరుసలన్నిటికీ రంగులు వేశారు. అన్నిటికంటే ముందున్న 'ఏ' అక్షరం వరుసకు బంగారు రంగు, పక్కన నూట తొంభై ఐదు పౌండ్లు.

ఆ వరుసే గేనర్ ప్రతి ఉదయం పది గంటలకు పాతిక పౌండ్లకు అమ్మేది. ఇరవై సీట్లు. ముందుగా బుక్ చెయ్యడానికి లేదు, ఫోన్లో అడగడానికి లేదు. ఆ రోజు ఉదయం వచ్చి, నిలబడి, మనిషికి రెండుకి మించకుండా తీసుకోవాలి. టీచర్లు, నర్సులు, వేషాలు దొరకని నటులు, పెన్షన్ మీద బతికేవాళ్ళు నాటకాలు చూసేది ఆ ఇరవై సీట్లలోనే.

"వచ్చే సోమవారం నుంచి ఇది," అన్నాడు హ్యూగో. "న్యూయార్క్‌లో ముందు వరుసకు మూడొందల నలభై డాలర్లు పెడతారట. అక్కడ ఎగబడి కొంటారు. మనం పాతిక్కి అమ్ముతున్నామని తెలిసి వాళ్ళకు మతి పోయింది."

"అక్కడ స్టేజీ ఎంత ఎత్తుందో?"

హ్యూగో కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు. భయస్థుడు. "గేనర్, అదే చెప్పబోతున్నాను. మీరు టికెట్ ఇచ్చేటప్పుడు ఒక మాట అంటారు చూడండి, కాళ్ళు కనబడవని. అది ఇక అనొద్దు."

"కనబడవు కదా."

"అడిగితే చెప్పండి. అడక్కపోతే వదిలెయ్యండి. రేపు వాళ్ళ మనిషి వస్తోంది, మార్సీ అని. సీట్ల లెక్కంతా ఆవిడ చేతిలో ఉంది. ఏ సీటుకి లోపం ఉందని రాస్తే దాని ధర అడుక్కి దిగిపోతుంది. అన్నీ ఫోన్లోనే అమ్మేసి కౌంటర్ ఎత్తేద్దామని ఇప్పటికే ఒక మాట నడుస్తోంది. మీ గూడు నిలబడాలంటే ముందు వరుస డబ్బు తేవాలి. క్యూలో వాళ్ళకు మీరే నెమ్మదిగా చెప్పండి. ఈ శనివారం ఆఖరని."

గూడు అంటే కౌంటర్. ఒక మనిషి, ఒక ఎత్తు కుర్చీ, ఒక చిన్న హీటరు పట్టే చోటు. గోడకు వేల్స్‌లోని స్వాన్సీ సముద్రతీరం ఫోటో ఒకటి, టికెట్ మిషను పక్కన పిప్పరమెంట్ల డబ్బా. అందులో కూర్చునే గేనర్ ఇరవై ఆరేళ్ళ మనిషి నుంచి యాభై ఏడేళ్ళ మనిషయింది.

పది కొట్టగానే షట్టర్ ఎత్తింది. అద్దం అవతల సిరిల్ ముఖం, ముక్కు చివర వాన చుక్క.

"ఒకటి," అన్నాడు.

"ముందు వరుసండి. కాళ్ళు కనబడవు, పర్లేదా?"

వందసార్లు విన్నవాడికైనా చెప్పాల్సిందే. అది గేనర్ పద్ధతి. లాంబోర్న్ థియేటర్ స్టేజీ పాతకాలపుది, మనిషి గడ్డం దాకా వస్తుంది. ముందు వరుసలో కూర్చుంటే నటులు మోకాళ్ళ నుంచి పైకే కనిపిస్తారు. వాళ్ళు స్టేజీ మీద వెనక్కి వెళ్తే నడుము నుంచి. కొనేవాడికి ఆ సంగతి కొనేముందే తెలియాలి. ఆమె మొదటిసారి కుర్చీ ఎక్కిన రోజు, అంతకుముందు అక్కడ పనిచేసిన ముసలావిడ నేర్పిన ఒకే ఒక్క పాఠం అది.

"కాళ్ళతో నాకేం పని, పరిగెత్తిస్తానా ఏమిటి," అన్నాడు సిరిల్, అతనూ ఎప్పటిలాగే.

శనివారం ఆఖరన్న మాట గేనర్ నాలుక మీద దాకా వచ్చింది. వెనక వెర్నా ఆవులిస్తూ నిలబడి ఉంది. రేపు చెప్దాం అనుకుంది.

*

మంగళవారం పలకలు తుడుస్తుంటే క్యూ నడిమధ్యలో కొత్త మనిషి కనబడింది. నలభై ఏళ్ళుంటాయి. మంచి కోటు, వానకు పనికిరాని బూట్లు, చేతిలో మూతున్న కాఫీ కప్పు. నోరు విప్పగానే ఎక్కడి మనిషో తెలిసిపోయింది.

"ఎప్పట్నుంచి నిలబడ్డారు మీరు?" అని ముందున్నవాళ్ళను దాటుకుని సిరిల్‌ని అడుగుతోంది.

"ఏడింటి నుంచి. నిలబడలేదు, కూర్చున్నాను. మోకాళ్ళు ఒప్పుకోవు."

"పాతిక పౌండ్ల కోసం మూడు గంటలా?"

"పాతిక పౌండ్ల కోసం కాదమ్మా, నాటకం కోసం. మీది అమెరికానా? అక్కడెంత?"

"ముందు వరుసైతే మూడొందలు దాటుతుంది. పేరున్న నటుడైతే ఐదొందలు."

సిరిల్ స్టూలు మీద వెనక్కి వాలబోయి ఆగాడు. "ఐదొందల డాలర్లా? ఆ డబ్బుకి ఆ నటుడు మా ఇంటికొచ్చి టీ తాగి, గిన్నెలు కడిగి వెళ్ళాలి."

వెర్నా పగలబడి నవ్వింది. ఆ అమెరికా ఆవిడ కూడా నవ్వింది. "అక్కడ నటుల పేర్లు, వివరాలు ఉండే నాటకం పుస్తకం ఉచితంగా ఇస్తారు మరి," అంది.

"ఇక్కడ ఆరు పౌండ్లు," అంది వెర్నా. "క్యూలో వాళ్ళం ముగ్గురం కలిసి ఒకటి కొని చదువుకుంటాం. పోయినసారి సిరిల్ దాని మీద ఐస్‌క్రీం కార్చాడు."

"వనిల్లా," అన్నాడు సిరిల్. "మరక కనబడదు."

పదికి రెండు నిమిషాలు ఉందనగా ఆ ఆవిడ క్యూలోంచి పక్కకు తప్పుకుంది. వెనక ఉన్న కుర్రవాడికి ఒక స్థానం ముందుకు దక్కింది. గేనర్ అది గమనించింది. చూడ్డానికే వచ్చింది గానీ ఒకరి సీటు లాక్కోలేదు.

పదకొండింటికి హ్యూగో ఆవిడను గూటిలోకి తీసుకొచ్చాడు. "మార్సీ, గేనర్. గేనర్, మార్సీ." ఇద్దరు పట్టని చోట ముగ్గురు. హ్యూగో తలుపులో సగం లోపల, సగం బయట నిలబడ్డాడు.

మార్సీ ఒళ్ళో రెండు బొమ్మలు పరిచింది. ఒకటి లాంబోర్న్, ఒకటి న్యూయార్క్‌లోని వాళ్ళ పెద్ద థియేటర్. పెన్సిలు పట్టుకుని వరుస వరుసా పోలుస్తూ పోయింది. ఈ పన్నెండో వరుస అక్కడైతే రెండొందల నలభై, ఇక్కడ డెబ్బై. బాల్కనీ చివర అక్కడ ఎనభై తొమ్మిది, ఇక్కడ ఇరవై. చెప్తున్న తీరులో గొప్ప లేదు, వెటకారం లేదు. బట్టల కొట్లో మీటరు కర్ర వేసి కొలిచినట్టు చెప్పింది.

"అయితే ధర అక్కడిది తెస్తున్నారు," అంది గేనర్. "మరి నాటకం పుస్తకం?"

"అది..." మార్సీ హ్యూగో వైపు చూసింది.

"పుస్తకం ఇక్కడి పద్ధతే. ఆరు పౌండ్లు," అన్నాడు హ్యూగో.

"బావుంది. టికెట్ మీ లెక్క, పుస్తకం మా లెక్క. రెండిట్లో ఏది ఎక్కువైతే అది." గేనర్‌కు నిజంగానే కోపమొచ్చింది. కోపమొస్తే వేల్స్ యాస తన్నుకొస్తుంది. "మీ దగ్గర పొద్దున్నే క్యూ ఉండదా? తక్కువ టికెట్లకి?"

"ఉంటుంది," అంది మార్సీ నెమ్మదిగా. "నేనూ నిలబడ్డాను, కాలేజీ రోజుల్లో. ఊరి అవతలి చివర క్వీన్స్ నుంచి మొదటి రైలు పట్టుకుని." తర్వాత మళ్ళీ బొమ్మ వైపు తల వంచింది. "సరే. ఇక లోపాలు. స్తంభం అడ్డున్న సీట్లు, రైలింగ్ అడ్డున్నవి చెప్పండి. ఇందులో మాకో కఠినమైన నియమం ఉంది. లోపమున్న సీటు అడుగు ధరకే, అంటే అన్నిటికంటే తక్కువకే ఇవ్వాలి, అదీ మనిషి ఎదురుగా నోటితో చెప్పి. ఫోన్లో అమ్మకూడదు. ఒకసారి కోర్టు దాకా వెళ్ళొచ్చాం."

గేనర్ చెప్పుకుంటూ పోయింది. ఆ హాలు ఆమెకు కొట్టినపిండి. పదకొండో వరుసలో నాలుగు, పద్దెనిమిది, స్తంభాలు. మేడ మీద మొదటి వరుస, రైలింగ్, పొట్టివాళ్ళకు కష్టం. బాల్కనీలో నిలువునా మెట్లు, కళ్ళు తిరిగేవాళ్ళకు కూడదు.

"మరి 'ఏ' వరుస? ముందుది?" అంది మార్సీ.

తలుపు పిడి మీద హ్యూగో వేళ్ళు బిగిశాయి. గేనర్ హీటరు వైపు చూసింది, స్వాన్సీ ఫోటో వైపు చూసింది.

"ఏమీ లేదు," అంది.

మార్సీ ఆ గడి ఖాళీగా వదిలి బొమ్మ మడిచింది. వాళ్ళిద్దరూ వెళ్ళాక గేనర్ పిప్పరమెంట్ నోట్లో వేసుకుని, నమలకుండా చాలాసేపు కూర్చుంది. ముప్ఫై ఒక్క ఏళ్ళలో సీటు గురించి ఆమె అబద్ధం చెప్పడం అదే మొదలు. సిగ్గు చెవుల దాకా ఎక్కింది.

*

బుధవారం చెప్పలేకపోయింది. వాన గట్టిగా పడుతోంది, ఇంత తడిసి నిలబడ్డవాళ్ళకు ఏం చెప్తాం అనుకుంది. గురువారం ఎండ కాసింది. అందరూ అంత ఉల్లాసంగా ఉన్నప్పుడు మాత్రం ఏం చెప్తాం అనుకుంది. వెర్నా కిటికీ కింద నుంచి కాగితంలో చుట్టిన ఎండుద్రాక్ష బన్ను తోసింది. "మా చెల్లెలు చేసింది. తిను. ఈ వారం చిక్కిపోయావు."

"మీకు నిద్రమత్తులో అలా కనబడుతున్నాను."

"పాతికేళ్ళుగా మంచాల మీద మనుషుల్ని చూస్తున్నాను తల్లీ. నాకు తెలీదా," అంది వెర్నా. ఇంకేమీ అడగలేదు.

సిరిల్ టికెట్ తీసుకుని పక్కకు జరగలేదు. ఈ నాటకాన్ని అతను చూడడం ఐదోసారి. జాలరి విధవ కథ. సముద్రంలో పోయిన మొగుడి బూట్లు తొడుక్కుని నాటకమంతా తిరుగుతుంది, ఆఖర్న తలుపు తీసుకుని వెళ్ళిపోతుంది.

"ఒక సందేహం గేనర్. ఆఖరి సీనులో, ఆవిడ తలుపు దగ్గరికి వెళ్ళాక, ధన్ ధన్ అని రెండు చప్పుళ్ళొస్తాయి. వెనకవాళ్ళంతా ఊపిరి బిగబడతారు. ఏమిటవి? చేపల బుట్ట పడేస్తుందా?"

గేనర్ విస్తుపోయి చూసింది. "బుట్ట కాదు సిరిల్. బూట్లు."

"బూట్లా?"

"విప్పేస్తుంది. ఒకటి, తర్వాత ఇంకోటి. రెండూ తలుపు పక్కన జతగా పెట్టి వట్టి కాళ్ళతో వెళ్ళిపోతుంది. నేను బాల్కనీ నుంచి చూశాను." టికెట్లు మిగిలిన రోజున సిబ్బందికి బాల్కనీలో చివరి వరుస ఇస్తారు. గేనర్ చూసిన నాటకాలన్నీ అక్కణ్ణుంచే. అంత పైనుంచి మనుషులు నడినెత్తి, భుజాలు, పాదాలుగా కనబడతారు.

సిరిల్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "నాలుగుసార్లు చూశాను. నాలుగుసార్లూ బుట్టే అనుకున్నాను. మొగుడి బూట్లు వదిలేస్తుందన్నమాట." అతని భార్య డోరా పోయి ఏడేళ్ళయింది. అంతకుముందు ఆ కిటికీ దగ్గర ఎప్పుడూ 'రెండు' అనేవాడు. ఏడేళ్ళుగా 'ఒకటి'.

"పాపం, ఏడుస్తూ వెళ్ళిపోతుంది కదా," అంది గేనర్, ఏదో ఒకటి అనాలి కనుక.

"ఏడుపా?" సిరిల్ ఆమెను వింతగా చూశాడు. "ఎవరు చెప్పారు నీకు ఏడుస్తుందని?"

"తల వంచుకుని, భుజాలు అదురుతూ..."

"నువ్వా ముఖం చూడలేదు తల్లీ," అన్నాడు సిరిల్. వెనకవాళ్ళు దగ్గుతున్నారు. సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళే బస్సులో గేనర్ అదే ఆలోచిస్తూ కూర్చుంది. నూట తొంభై ఐదు పౌండ్లు పోసి కూర్చున్నవాళ్ళు కూడా రెండు చప్పుళ్ళు విని బుట్ట అనుకుంటారు. ఏం పోగొట్టుకున్నారో కూడా వాళ్ళకు తెలీదు.

*

శనివారం ఇరవై మందికి పైనే ఉన్నారు. పలకలు తుడుస్తూ గేనర్ గట్టిగా నిశ్చయించుకుంది. ఇవాళ చెప్పి తీరాలి. ఇవాళ చెప్పకపోతే సోమవారం వచ్చి, మూసిన షట్టర్ ముందు నిలబడతారు. గుడ్డ నాలుగుసార్లు మడిచింది. నోరు తెరవకుండానే లోపలికి వచ్చేసింది. తనను తాను తిట్టుకుంటూ షట్టర్ ఎత్తింది.

సిరిల్ మెడకు ఇస్త్రీ చేసిన స్కార్ఫ్ ఉంది.

"రెండు," అన్నాడు.

గేనర్ చేయి మిషను మీద ఆగిపోయింది. ఏడేళ్ళ తర్వాత రెండు. ఎవరో తోడు దొరికారన్నమాట. సంతోషంతో పాటు, కారణం లేకుండా, కాస్త చివుక్కుమంది. "మధ్యాహ్నం ఆటకేనా? 'ఏ' వరుస, తొమ్మిది, పది సీట్లు. కాళ్ళు కనబడవు, పర్లేదా? వచ్చేవాళ్ళకి కూడా చెప్పండి, ముందే తెలియాలి."

"ఆవిడకి తెలుసు," అన్నాడు సిరిల్.

ఒక టికెట్ జేబులో పెట్టుకున్నాడు. రెండోదాన్ని వేలితో కిటికీ కిందనుంచి వెనక్కి తోశాడు. అది జారుకుంటూ వచ్చి గేనర్ ముంజేతికి తగిలింది.

"శనివారాలు నీకు రెండింటికే డ్యూటీ దిగిపోతుంది కదా. రెండున్నరకి ఆట. ఒకసారైనా దగ్గర్నుంచి చూడు. ఇక దొరకదు."

గేనర్ ఆ టికెట్ చేతిలోకి తీసుకుంది. "మీకు... ఎప్పుడు తెలిసింది?"

సిరిల్ భుజం మీదుగా వెర్నా తల వంచింది. "సోమవారమే. వచ్చే వారానికి చూద్దామని ఫోన్లో వెతికితే ముందు వరుస నూట తొంభై ఐదు అని ఉంది. క్యూ అంతటికీ తెలుసు."

"మరి ఒక్కరూ అడగలేదేం?"

"నువ్వు చెప్పలేక చస్తున్నావు. అడిగి ఇంకా చంపమంటావా?" అంది వెర్నా. "రోజూ ఆ గుడ్డ పట్టుకుని నోరు తెరవడం, ముయ్యడం. చేపలా ఉన్నావు. సరే, నాకొకటి ఇవ్వు, నిలబడే నిద్రపోతున్నాను."

గేనర్ వెర్నాకు టికెట్ ఇచ్చింది. మధ్యాహ్నం ఆటకూ రాత్రి ఆటకూ కలిపి మిగిలినవాళ్ళందరికీ ఇచ్చింది, ఒక్కొక్కరికీ కాళ్ళ మాట చెప్పింది. కొందరికి కళ్ళు తుడుచుకుంటూ చెప్పింది. వాళ్ళెవరూ చూడనట్టే ఉన్నారు.

రెండున్నరకు ఆమె 'ఏ' వరుసలో పదో సీట్లో కూర్చుంది. స్టేజీ అంచు గోడలా ఎదురుగా లేచి ఉంది. సిరిల్ తన స్కార్ఫ్ తీసి ఆమె మెడ వెనక పెట్టాడు. "తల ఎత్తి ఎత్తి మెడ పట్టేస్తుంది. దీని మీద వాలు." అటు పక్క వెర్నా దీపాలు ఆరకముందే గురక మొదలుపెట్టింది. మొదటి మాట వినబడగానే ఠక్కున లేచి కూర్చుంది.

ఎంత దగ్గరో. విధవ వేషం వేసినామె పెదవి మీద పౌడర్ కింద చిన్న మచ్చ ఉంది. కోపమొచ్చినప్పుడు మెడ నరం కొట్టుకోవడం కనబడుతోంది. గొంతు ఎండి మింగడం వినబడుతోంది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఇదా నేను అమ్ముతున్నది అనుకుంది గేనర్. విరామంలో సిరిల్ ఐస్‌క్రీం కొన్నాడు, వనిల్లా, చిన్న చెక్క పుల్లతో.

ఆఖరి సీను వచ్చింది. విధవ తలుపు దగ్గరికి వెళ్ళింది. నడుము నుంచి పైకే కనబడుతోంది. వంగింది.

ధన్.

"ఎడమ కాలిది," అని గేనర్ సిరిల్ చెవిలో గుసగుసగా చెప్పింది.

ధన్.

"కుడిది. ఇప్పుడు జతగా పెడుతోంది. ముందు భాగాలు గోడవైపు."

హాలంతా ఊపిరి బిగబట్టింది. విధవ లేచి నిలబడింది, తల ఎత్తింది. ఏడవడం లేదు. భుజాలు అదురుతున్నది ఏడుపుతో కాదు. నవ్వుతోంది. చాలా రోజుల తర్వాత చన్నీళ్ళలో కాళ్ళు పెట్టిన పిల్లలా, ఆపుకోలేక, నిశ్శబ్దంగా నవ్వుతోంది. తలుపు తీసుకుని వెళ్ళిపోయింది.

గేనర్ పక్కకు చూసింది. సిరిల్ కళ్ళు మూసుకుని ఉన్నాడు. అతను ముఖం చూడడం లేదు. ముఖం అతనికి తెలుసు. బూట్లు చూస్తున్నాడు.

*

సోమవారం తుంపర లేదు, క్యూ లేదు. గేనర్ నాలుగు పలకలూ ఐదు నిమిషాల్లో తుడిచేసింది.

పదింటికి షట్టర్ ఎత్తేసరికి గూటి తలుపులో హ్యూగో, అతని వెనక మార్సీ ఉన్నారు. కొత్త ధరల మొదటి అమ్మకం చూడాలట. పది దాటి ఇరవై నిమిషాలకు ఒక జంట వచ్చారు. లీడ్స్ నుంచి. పెళ్ళై పాతికేళ్ళయిందట. ఆయన జేబులోంచి కార్డు అప్పటికే తీసి పట్టుకున్నాడు.

"అన్నిటికంటే మంచివి ఇవ్వండి. ముందు వరుస. ఇవాళ వెనకాడేది లేదు."

"మూడొందల తొంభై," అంది ఆవిడ చిన్నగా.

"పాతికేళ్ళకోసారి."

గేనర్ మిషను మీద వేలు పెట్టింది. మెడ వెనక హ్యూగో ఊపిరి తెలుస్తోంది. ఈ గూడు పోతే యాభై ఏడేళ్ళ మనిషికి ఇంకో గూడు ఎవరిస్తారు? భయం వేసింది. అయినా గొంతు మాత్రం రోజూ వచ్చేచోటు నుంచే వచ్చింది.

"ముందు వరుసండి. కాళ్ళు కనబడవు, పర్లేదా?"

"అంటే?"

"స్టేజీ ఎత్తు. నటులు మోకాళ్ళ పైనుంచే కనబడతారు. ముఖాలు అంత దగ్గరగా ఇంకెక్కడా కనబడవు. కానీ ఈ నాటకం ఆఖర్న కాళ్ళ దగ్గరే ఒకటి జరుగుతుంది. అది మీకు కనబడదు. తొమ్మిదో వరుసలో అయితే రెండూ కనబడతాయి, ధర సగం."

మొగుడూ పెళ్ళాం ఒకరినొకరు చూసుకున్నారు. "తొమ్మిదో వరుస ఇవ్వండి," అంది ఆవిడ, మళ్ళీ మనసు మార్చుకుంటాడేమోనని మొగుడి చేతిలోంచి కార్డు లాక్కుని. "చల్లగా ఉండండి. మీలా ఎవరు చెప్తారు."

టికెట్లు తీసుకుని వాళ్ళు వెళ్ళిపోయారు.

"గేనర్," అన్నాడు హ్యూగో.

మార్సీ బొమ్మ విప్పింది. "'ఏ' వరుసకి లోపమేమీ లేదన్నారు మీరు నాతో."

"అబద్ధం చెప్పానండి," అంది గేనర్, వెనక్కి తిరిగి. "నేనే చెప్పాను. ఇంకెవరి తప్పూ లేదు."

హ్యూగో ముఖం ఎర్రబడింది. చేత్తో గడ్డం రాసుకున్నాడు. "నేను చెప్పించాను," అన్నాడు నేల చూస్తూ.

మార్సీ బొమ్మ పట్టుకుని హాల్లోకి వెళ్ళింది. చాలాసేపు రాలేదు. హాల్లో ఖాళీ స్టేజీ మీద ఎవరో చీపురుతో ఊడుస్తున్న చప్పుడు వినబడుతోంది. తిరిగొచ్చాక చెప్పింది, ముందు వరుసలో పది సీట్లు మారి మారి కూర్చున్నానని.

"చీపురు పట్టుకున్నాయన నడుము దాకానే ఉన్నాడు," అంది. పెన్సిలు తీసి ఖాళీ గడిలో ఒక మాట రాసింది. బంగారు రంగు మీద అడ్డంగా గీత కొట్టింది. "లోపమున్న సీటు. అడుగు ధర. మనిషి నోటితో చెప్పి అమ్మాలి, ఫోన్లో కుదరదు." హ్యూగో వైపు తిరిగింది. "అంటే కౌంటర్ ఉండాలి. మనిషి ఉండాలి. నియమం నాది కాదు, కంపెనీది. మిగతా వరుసల ధరలు మాత్రం పెరుగుతాయి. అది నేను ఆపలేను."

"పుస్తకం?" అంది గేనర్.

మార్సీ నవ్వు ఆపుకోలేకపోయింది. "అది మీ దేశంతో మీరు తేల్చుకోండి."

సంగతి సిరిల్‌కు చెప్పాలంటే అతనికి ఫోన్ లేదు, ఉన్నా తియ్యడు. వెర్నాకు చెప్పమందామంటే ఆమె నిద్రపోయే వేళ. మంగళవారం తొమ్మిదింబావుకి గేనర్ గుడ్డ పట్టుకుని బయటికొచ్చింది.

మడత స్టూలు అక్కడే ఉంది. దాని మీద సిరిల్. అతనొక్కడే.

"టికెట్లు లేవని తెలుసు," అన్నాడు, తప్పు చేసి దొరికినట్టు. "ఏడింటికల్లా ఇక్కడికి రావడం అలవాటైపోయింది. ఇంట్లో కూర్చుంటే ఏముంది. నువ్వు పలకలు తుడుచుకో, నేను చూస్తూ కూర్చుంటాను."

గేనర్ తలూపింది. నాలుగు పలకలూ తీరిగ్గా తుడిచింది. లోపలికెళ్ళి హీటరు వేసింది, పిప్పరమెంట్ల డబ్బా సర్దింది. పది కొట్టగానే షట్టర్ ఎత్తి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి రమ్మని సైగ చేసింది.

సిరిల్ నమ్మలేనట్టు లేచి వచ్చాడు. అద్దానికి ముఖం ఆనించి ఆమె కళ్ళలోకి చూశాడు.

"ఒకటి," అన్నాడు.

"ముందు వరుసండి. కాళ్ళు కనబడవు, పర్లేదా?"

సిరిల్ టికెట్ అందుకుని, జాగ్రత్తగా మడిచి లోపలి జేబులో పెట్టుకున్నాడు.

"కనబడతాయిలే తల్లీ," అన్నాడు. "ఇప్పుడు కనబడతాయి."